పదిహేడు ఆదివారాలు

మా మరిది పోయాడన్న కబురు నాకు ఫోన్లో వచ్చింది. మా రెండిళ్ళ మధ్య ఉన్నది నడుమెత్తు గోడ. ముప్పై ఏళ్ళుగా ఏ కబురైనా ఆ గోడ మీంచే వచ్చేది. మంగళవారం పొద్దున పదకొండింటికి ఫోన్ మోగి, అవతల తోటికోడలి గొంతు వినబడగానే, ఆమె ఇంకా ఏమీ చెప్పకముందే నాకు తెలిసిపోయింది. కిటికీలోంచి ఆమె కనబడుతూనే ఉంది. వాళ్ళ వంటింట్లో రిసీవరు పట్టుకుని, గోడవైపు వీపు పెట్టి నిలబడింది. "అక్కా," అంది.

షెడ్డులో స్టూలు మీద కూర్చుని టీ తాగుతూ పోయాడు. గుండె. అరవై నాలుగేళ్ళు. కప్పు కింద పడలేదు, బల్ల మీద పెట్టే ఉంది. ఏ పనిముట్టునూ కింద పడనిచ్చే మనిషి కాడు.

ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాస్తున్నాను కానీ, మెరీబ్యాంక్‌లో మా వీధిలో వీటిని చదవగలవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. నాకు మా నాన్న పలక మీద నేర్పాడు. బడిలో ముప్పై నాలుగేళ్ళు లెక్కలు చెప్పి, శనివారాలు ఇక్కడి తెలుగువాళ్ళ హాల్లో పిల్లలకు అక్షరాలు దిద్దించాను. ఆ పిల్లలు పెద్దవాళ్ళయి, ఇంగ్లీషులో పిల్లల్ని పెంచుకుంటున్నారు. మా మరిదికి మాట వచ్చు, అక్షరం రాదు. అతని తెలుగు, చెరకు కూలీగా ఈ దేశానికి వచ్చిన వాళ్ళ తాత ఓడలో తెచ్చుకున్న తెలుగు. మధ్య మధ్య ఇంగ్లీషూ జూలూ కలిసి, క్రియలు సగం రాలిపోయి ఉండేది. నేను దిద్దేదాన్ని.

"'నాను' కాదు, 'నేను'."

"నువ్వు నేను, నాను నాను. ఇద్దరం ఒకటెలా అవుతాం టీచరొదినా?"

ఇంట్లో పుట్టుకతో తెలుగు వచ్చి నాతో మాట్లాడే ఆఖరి మనిషి అతను. నన్ను వదినా అని పిలిచే ఆఖరి మనిషి కూడా. పొద్దున లేచి కాఫీ కలుపుకుంటూ ఈ వారం రోజుల్లో నేను తోటికోడలితో తప్ప పైకి ఒక్క తెలుగు మాట అనలేదు. అనడానికి ఎదుట మనిషి కావాలి.

అతను కట్టిన కారు గురించి చెబితే అతని గురించి చెప్పినట్టే. అందులో నా తప్పు ఒకటి ఉంది. దాన్ని ఎక్కడా రాయలేదు. అది కూడా ఇక్కడే రాస్తాను.

మా వారికి షుగరు. దేశమంతా ఎప్పుడు ఎవరిని జైలు నుంచి వదులుతారు, ఎవరు ఎవరితో మాట్లాడతారు అని రేడియో చుట్టూ కూర్చున్న ఆ సంవత్సరాల్లోనే ఆయన ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. ఆయనకు కాలు పోయినందుకు లేని బాధ క్లచ్చి పోయినందుకు కలిగింది. ఆయనది ఆరు సిలిండర్ల పాత కారు, మీగడ రంగు. ఆదివారాలు సముద్రపు ఒడ్డున దక్షిణంగా నడిపి, చెరకు తోటల దాకా వెళ్ళి తిరిగి రావడం ఆయనకు పూజ లాంటిది. ఎడమ కాలు లేకపోతే క్లచ్చి తొక్కేదెలా? మా అబ్బాయి ఫోన్ చేసి, కారు అమ్మేసి వేరేది కొనుక్కోమన్నాడు. ఆయన మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

నాలుగో రోజు మా మరిది గోడ మీద చేతులు పెట్టి నిలబడ్డాడు. "అన్నా, కారు నాకు ఇయ్యి. ఆటోమేటిక్ సేసి ఇస్తాను. కుడి కాలుంటే సాలు."

అతను ఒక బస్సు యజమాని దగ్గర మెకానిక్. పెద్ద బస్సుల ఆటోమేటిక్ గేర్‌బాక్సులు విప్పి కట్టడం అతని ఉద్యోగం. ఆటోమేటిక్ అంటే తెలియనివాళ్ళ కోసం: క్లచ్చి తొక్కకుండా, నూనె ఒత్తిడితో గేర్లు వాటంతటవే మారే పెట్టె. ఆరు నెలల పని అన్నాడు. మా వారు తాళాలు ఇచ్చేశారు.

ఆరు నెలలు ఎలా రెండేళ్ళయ్యాయో నా నోటుబుక్కులో వరసగా ఉంది. గుద్దేసిన ఒక పెద్ద కారులోంచి ఆటోమేటిక్ పెట్టె తెచ్చి బిగించాడు. బిగించాక చూస్తే, ఆ పెట్టె ఇంజన్ బలాన్ని తినేస్తోంది, కారు మా వీధి మెట్ట కూడా నీలుగుతూ ఎక్కుతోంది. "అన్న దీన్ని తోలితే సిగ్గుపడతాడు," అన్నాడు. అందుకని ఇంజన్‌కి గాలి ఎక్కువ పెట్టాలన్నాడు. పాత బస్సు ఇంజన్ మీదున్న బ్లోయరొకటి తెచ్చాడు. ఇనుప డబ్బాలో రెండు రోటర్లు ఒకదానికొకటి తగలకుండా, కాగితం మందం ఎడంతో తిరుగుతాయి. బెల్టు వాటిని తిప్పితే, అవి గాలిని పట్టి ఇంజన్లోకి కుక్కుతాయి. దాన్నే సూపర్‌చార్జర్ అంటారు. అది బానెట్‌ కోసుకుని పైకి వచ్చి, నోరు తెరుచుకుని ముందుకు చూస్తూ ఉండేది. సరే, బలం వచ్చింది. ఇప్పుడు ఆ బలానికి గేర్‌బాక్సు ఆగడం లేదు, లోపలి ప్లేట్లు జారిపోతున్నాయి. మళ్ళీ దాన్ని విప్పాడు. నాలుగు ప్లేట్లుండే చోట అయిదు పట్టేలా ఉక్కు అరగదీశాడు, స్ప్రింగు మార్చాడు, నూనె పోయే దారి వెడల్పు చేశాడు. అలాంటి పెట్టె మరెక్కడా దొరకదు. అది అతను మా వారి కోసం కట్టిన పెట్టె.

మా వారు వరండాలో కుర్చీలో కూర్చుని ఆ సానపట్టే చప్పుడు వింటూ విసుక్కునేవారు. "నేనడిగింది కారు. వీడు ఏరోప్లేను కడుతున్నాడు."

"ఆయనకి సెప్పు వదినా, ఏరోప్లేనుకి ఇంత పని ఉండదు."

"నీ అన్న పక్కనే ఉన్నారు, నువ్వే చెప్పు."

"నాను సెప్తే తిట్టు. నువ్వు సెప్తే కబురు."

నన్ను ఆ పనిలోకి దించింది నా చేతిరాత. గేర్‌బాక్సు మొదటిసారి విప్పినప్పుడు, ఏ ముక్క ఏ ముక్క తర్వాత వచ్చిందో గుర్తుంచుకోలేక ఇంగ్లీషులో ఏదో గీసుకుంటున్నాడు. నేను చూడలేకపోయాను. ఒక పెళ్ళిలో మిగిలిన కాగితపు ప్లేట్లు తెచ్చి, ఒక్కో ముక్కకు ఒక్కో ప్లేటు పెట్టి, అంకె వేసి, నోటుబుక్కులో రాశాను. నలభై ఆరు ప్లేట్లు. షెడ్డు నేల మీద అవి వరసగా పరిచి ఉంటే తోటికోడలు వచ్చి చూసి, "అక్కా, ఎవరికి భోజనాలు?" అంది. ఆమె తమిళులింటి పిల్ల. మా ఇంటి తెలుగు నేర్చుకుంది గాని, ఆడా మగా ఒకే క్రియతో లాగించేస్తుంది.

అప్పటి నుంచి సాయంత్రాలు నేను స్టూలు మీద కూర్చుంటే అతను బల్ల దగ్గర కొలిచి అంకె చెప్పేవాడు, నేను రాసేదాన్ని. వెయ్యో వంతు అంగుళాల్లో చెప్పేవాడు. ఒకసారి చెప్పిన అంకె నిన్నటి అంకెతో కలవకపోతే నేను కలం ఆపేదాన్ని. అతను మారు మాట లేకుండా మళ్ళీ కొలిచేవాడు. ముప్పై నాలుగేళ్ళలో ఏ హెడ్‌మాస్టరూ నా అంకెలను అంతగా నమ్మలేదు. అంకెలు కలవని రోజున నేను చిరాకుపడితే, "మెషీనుకి కోపం రాదు వదినా, మనకే వస్తాది. అందుకే అది గెలుస్తాది," అనేవాడు. గేరు మారినట్టు కూర్చున్నవాడికి తెలియకూడదని అతని పంతం. తెలిస్తే ఓడిపోయినట్టే అనేవాడు.

మా వారి కళ్ళు అప్పటికే మసకేస్తున్నాయి. షుగరు కళ్ళలోకి దిగిందని డాక్టరు చెప్పాడు. ఎన్నాళ్ళు చూపుంటుందని నేను పక్కకు పిలిచి అడిగాను. ఏడాది ఉండవచ్చు, అంతకన్నా తక్కువే అనుకోండి అన్నాడు. ఆ మాట నేను మరిదికి చెప్పాను. అతను ఆ రోజు నుంచి షెడ్డులో పాట పాడడం మానేశాడు. ఉద్యోగం నుంచి రాగానే బట్టలు మార్చుకోకుండా పనిలోకి దిగేవాడు.

ఇక్కడి వేసవి చివర, అందరికీ ఓటు వచ్చిన సంవత్సరం ఫిబ్రవరిలో, కారు పూర్తయింది. ఒక శుక్రవారం మొదలుపెడదామన్నాను. అతను నవ్వి, నీ పంచాంగం ఎలాగంటే అలాగే అన్నాడు. ఓవర్‌పోర్ట్ బజారుకి వెళ్ళి బంతిపూల దండ, కర్పూరం, కొబ్బరికాయ తెచ్చాను. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టాను. స్టీరింగుకు పసుపు, కుంకుమ పెట్టాను. మా వారు తెల్ల చొక్కా వేసుకుని, ఇస్త్రీ చేసిన పంట్లాము ఎడమ కాలు మడిచి పిన్ను పెట్టించుకుని, వరండాలో కూర్చున్నారు. తోటికోడలు వంటింట్లో పాయసం చేస్తోంది. మరిది డ్రైవరు సీట్లో వంగి కింద ఏదో బిగిస్తున్నాడు. గాలి వడగట్టే డబ్బా ఇంకా పెట్టలేదు, మొదటిసారి చప్పుడు సరిగా వినాలని దాన్ని పక్కన ఉంచాడు.

నేను దండను ఆ సూపర్‌చార్జర్ మెడకు వేశాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ నోటి దగ్గర ఏమీ ఉంచకూడదని అతను నాకు ముందే చెప్పాడు. "ఇది ఊపిరి పీలుస్తాది వదినా. గుడ్డా, మేకూ, స్పేనరూ, ఏటీ దగ్గరెట్టొద్దు." ఆ మాట నేనే నోటుబుక్కులో రాశాను, కింద గీత కూడా గీశాను. కానీ ఆ పూట నాకు దండ ఒక వస్తువుగా తోచలేదు. కొత్త బండికి దండ వేయకుండా ఎవరైనా తాళం తిప్పుతారా? గుడ్డా మేకూ స్పేనరుల పట్టికలో పూల దండ ఉంటుందని నా బుద్ధికి తట్టలేదు. కొబ్బరికాయ కొట్టి, "కానీ," అన్నాను.

అతను తాళం తిప్పాడు. ఇంజన్ ఒక్క గర్జన గర్జించింది. దండ నా కళ్ళ ముందే ఒక కొస నుంచి లోపలికి వెళ్ళిపోయింది, పాము పుట్టలోకి పోయినట్టు. తర్వాత ఇనుము ఇనుముతో ఒరుసుకున్న చప్పుడు వచ్చింది. బెల్టు తెగి బానెట్‌కి కొట్టుకుంది. ఇంజన్ ఆగిపోయింది.

మా వారు వరండాలోంచి, "ఏమైందిరా?" అని అరిచారు. ఆయనకు అంత దూరం నుంచి చిన్న వస్తువులు ఆనవు.

మరిది దిగి వచ్చాడు. బ్లోయరు నోట్లోకి చూశాడు. రెండు వేళ్ళు లోపల పెట్టి, నలిగిన దారం, నాలుగైదు పసుప్పచ్చ రేకులు తీశాడు. నన్ను చూశాడు. నేను కొబ్బరి చిప్పలు రెండు చేతుల్లో పట్టుకుని నిలబడి ఉన్నాను. అతను పిడికిలి మూసి, ఆ చేతిని జేబులో పెట్టుకున్నాడు.

"బేరింగు పోయింది అన్నా," అన్నాడు గట్టిగా. "నా తప్పే. నాను సరిగా సూసుకోనేదు."

నా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, "బుక్కులో బేరింగని రాయి వదినా," అన్నాడు.

రాశాను. నా చేత్తో, చక్కటి అక్షరాలతో, "బేరింగు లోపం" అని రాశాను.

మా వారు కుర్చీలోంచి లేవబోయి, లేవలేక, అక్కడి నుంచే అన్నారు: "రెండేళ్ళు. రెండేళ్ళు నీ ఆట కోసం నన్ను కూర్చోబెట్టావు. నాకు చూపు ఉండగా ఇస్తావా, పోయాక ఇస్తావా? నీకు నీ బొమ్మ ముఖ్యం." మరిది తల వంచుకుని నిమ్మకాయలు ఒక్కొక్కటీ ఏరుకుంటున్నాడు. ఒక్క మాట నేను అంటే అక్కడితో అయిపోయేది. ఆయన నన్ను తిట్టేవారు, ఆ సాయంత్రానికి మరిచిపోయేవారు. నేను అనలేదు.

ఎందుకు అనలేదో చాలాసార్లు ఆలోచించాను. ఇంట్లో అందరి తప్పులూ దిద్దేదాన్ని. ఎవరి అంకె ఎక్కడ తేడా వచ్చినా పట్టుకునేదాన్ని. అలాంటి నోటితో 'నా వల్లే' అనడం నాకు అలవాటు లేదు. రేపు చెబుదాం అనుకున్నాను. రేపటికి ఆ అబద్ధం ఇంట్లో ఒక సామానులాగా కుదురుకుంది.

రోటర్ల మీద గీతలు పడ్డాయి. అప్పట్లో అలాంటి ముక్కలు బయటి దేశం నుంచి రావడం కష్టం. పాతది వెతికి తెచ్చి, చేత్తో అరగదీసి, మళ్ళీ ఆ కాగితం మందం ఎడం తీసుకురావడానికి పదిహేడు వారాలు పట్టింది. ఆ పదిహేడు వారాలూ అన్నదమ్ములు మాట్లాడుకోలేదు. మా వారు వరండా కుర్చీని అటు తిప్పించి, షెడ్డు కనబడకుండా కూర్చునేవారు. నేను మాత్రం రోజూ సాయంత్రం షెడ్డుకి వెళ్ళి అంకెలు రాశాను. మరిది ఎప్పటిలాగే అంకెలు చెప్పాడు. దండ మాట అతనూ ఎత్తలేదు.

ఆ మధ్యలోనే ఓట్ల రోజు వచ్చింది. మా రెండిళ్ళలో అందరికీ అదే మొదటి ఓటు. మా వారు తమ్ముడి చెయ్యి పట్టుకోనని, ఎదురింటాయన బక్కీ, అంటే చిన్న ట్రక్కు, వెనక కుర్చీ వేయించుకుని వచ్చారు. ఓట్లు వేసే బడి గేటు నుంచి మూడు వీధుల దాకా వరస. చక్రాల కుర్చీలో మా వారు, ఆయన వెనక నేను, మధ్యలో నలుగురు, ఆ వెనక మా మరిది. నలభై ఏళ్ళు రంగును బట్టి ఒకరి పక్కన ఒకరు నిలబడనివ్వని దేశంలో ఆ రోజు అందరూ ఒకే వరసలో నిలబడి, ఒకరి గొడుగులోకి ఒకరు దూరి, బిస్కెట్లు పంచుకుంటున్నారు. నా వెనక ఒక ముసలి జూలూ ఆమె, బుట్ట తల మీద పెట్టుకుని, అటు చూసి ఇటు చూసి, నా భుజం తట్టింది.

"గోగో," అంది, అవ్వా అని. తన భాషలో మెల్లగా, "ఈ కుర్చీలో మనిషి, ఆ వెనక మనిషి అన్నదమ్ములు కదూ? మెడలు ఒకటే," అంది.

అవునన్నాను.

"హావ్! మరి ఎందుకు అపరిచితుల్లా నిలబడ్డారు?"

ఆమె భాష నాకు బాగానే వచ్చు. రానట్టు నవ్వాను. ఆమె నమ్మలేదు.

జూన్ చివర కారు మళ్ళీ లేచింది. ఈసారి నేను పువ్వు తేలేదు, ముహూర్తం చూడలేదు. మరిది తాళాలు నా చేతికిచ్చి తన ఇంటికి వెళ్ళిపోయాడు. మా వారు కాసేపు తాళాలను వేళ్ళతో తడుముతూ కూర్చుని, చివరికి నా భుజం పట్టుకుని లేచారు. సీట్లో కూర్చోబెట్టి, పక్కన నేనెక్కాను. లీవరు ఒక్కటి కిందికి లాగి, కుడి కాలు నెమ్మదిగా నొక్కారు. వీధి చివర దాకా వెళ్ళేసరికి ఆయన ముఖం మారిపోయింది. "గేరు మారిందా?" అని అడిగారు నన్ను.

"రెండుసార్లు మారింది," అన్నాను. ఇంజన్ వేగం చూపే సూదిని నేను చూస్తూనే ఉన్నాను.

ఆయన తిరిగి వచ్చి, తమ్ముడి గేటు ముందు కారు ఆపి, హారన్ కొట్టారు. మరిది వచ్చాడు. "ఎక్కరా," అన్నారు. అంతే వాళ్ళ రాజీ. నేను దిగాను, ఇద్దరూ సముద్రం వైపు వెళ్ళారు. సూపర్‌చార్జర్ ఈల చమురు రిఫైనరీ గోడ దాటే దాకా వినబడింది.

తొమ్మిది ఆదివారాలు నడిపారు. తొమ్మిదోది ఆగస్టు చివర. తర్వాతి వారం ఎదురొచ్చే బస్సు ఆయనకు కనబడలేదు. ఏమీ కాలేదు, పక్కనున్న మరిది స్టీరింగు తిప్పాడు. కానీ ఇంటికి వచ్చి ఆయన తాళాలు బల్ల మీద పెట్టి, ఇక ముట్టుకోలేదు. ఆ ఆదివారాన్ని నేను తొమ్మిదిలో కలపలేదు. కారు పదిహేడు వారాలు ముందుగా వచ్చి ఉంటే తొమ్మిది ఇరవై ఆరయ్యేవి. చిన్న పిల్లలకిచ్చే కూడిక అది. తప్పు పోవడానికి వీలు లేదు.

మరుసటి ఏడు ఆయన ఆసుపత్రిలో ఉన్నప్పుడు, రెండో కాలికి కూడా షుగరు పుండు వచ్చిందని తెలిసిన రోజున, నన్నూ తమ్ముణ్ణీ పక్కన పెట్టుకుని నవ్వుతూనే అన్నారు: "బాగానే కట్టాడే నీ మరిది. నాలుగు నెలలు మాత్రం తినేశాడు." మరిది ఆయన దుప్పటి అంచు సరిచేస్తూ, "తినేసాను అన్నా," అన్నాడు. నా వైపు చూడలేదు. చూసి ఉంటే చెప్పేసేదాన్నేమో అని ఇన్నేళ్ళూ అనుకున్నాను. అది కూడా అతని మీదకు తోసేయడమే. పది రోజులకు మా వారు పోయారు.

ఆ తర్వాత కారు రెండు నెలలు కవరు కింద ఉంది. ఒక శనివారం మరిది వచ్చి కవరు తీసి, నన్ను డ్రైవరు సీట్లో కూర్చోమన్నాడు. నాకప్పటికి అరవై ఒకటి. కారు నడపడం నాకు చేతకాదన్నాను.

"కాళ్ళు రెండూ ఉన్నాయి కదా? ఒకటి ఎక్కువే. బ్రేకు ఒక్కటీ గుర్తెట్టుకో వదినా. మిగతాది నాను సూసుకున్నాను."

బెల్టు తీసేసి ఇంజన్ బలం తగ్గిస్తానన్నాడు. మా వారికి ఎలా కట్టావో అలాగే ఉండనీ అన్నాను. లైసెన్సు పరీక్షలో మొదటిసారి తప్పాను, మరీ నెమ్మదిగా నడిపానట. రెండోసారి నెగ్గాను. అప్పటి నుంచి నేను హాలుకి వెళుతుంటే, బానెట్‌లోంచి ఆ యంత్రం తల బయటికి పెట్టి ఈల వేస్తుంటే, మా వీధి జనం గేట్ల దగ్గరికి వచ్చి చూసేవారు. నా మనవలకు నేను వాళ్ళ స్నేహితుల మధ్య గొప్పదాన్నయిపోయాను. అది నాకు చెప్పినవాడు మరిదే. "నీ పేరు రేసింగ్ గ్రానీ అంట," అని పొట్ట పట్టుకుని నవ్వాడు.

నేర్పుతున్న రోజుల్లో ఒకసారి, కారు సాఫీగా వెళుతుండగా, ధైర్యం చేసి మొదలుపెట్టాను. "ఆ శుక్రవారం సంగతి నీ అన్నతో చెప్పి ఉండాల్సింది..."

"కుడి పక్క సూడు వదినా. లారీ."

లారీ లేదు. రోడ్డు ఖాళీగా ఉంది. నేను మళ్ళీ ఎత్తలేదు. అతను నా కోసం తలుపు మూశాడనుకుని, ఆ మూసిన తలుపు ఇవతల హాయిగా కూర్చున్నాను. ఐదేళ్ళు.

అతని చితాభస్మం సముద్రంలో కలిపి వచ్చాక, చుట్టాలు వెళ్ళిపోయాక, తోటికోడలు, నేను వాళ్ళ వంటింట్లో మిగిలాం. పాలు కాచుకున్నాం, తాగలేదు. ఇంకెప్పుడో అనుకుంటే ఈసారి ఎవరూ మిగలరని తోచింది. చెప్పాను. దండ, నోట్లోంచి తీసిన రేకులు, బుక్కులో బేరింగు, అన్నీ వరసగా చెప్పాను. ఆమెకు తెలిసే ఉంటుందనుకున్నాను. భార్యకైనా చెప్పుకోడా మనిషి? తెలిసి ఇన్నేళ్ళూ నా ముఖం చూస్తూ ఊరుకుందని అనుకుంటూ వచ్చాను. ఆమెకు నా మీద కోపముంటే ఈ రోజు తీర్చుకుంటుందని కూడా అనుకున్నాను.

ఆమె గ్లాసు కింద పెట్టింది. "ఏ మాల అక్కా? బేరింగ్ కదా పోయింది. నాకు అట్లే చెప్పింది ఆయన."

అంటే, ఈ లోకంలో ఆ సంగతి తెలిసినవాడు అతనొక్కడే. అతనితో పాటు నన్ను క్షమించినవాడు కూడా పోయాడు. ఇక అడగడానికి ఎవరూ లేరు.

"బావగారికి తెలుసా?" అంది.

"లేదు."

ఆమె చాలాసేపు కిటికీలోంచి షెడ్డు వైపు చూసింది. కోప్పడుతుందేమోనని ఎదురు చూశాను. నిజానికి కోప్పడితే బాగుండుననిపించింది.

"ఇంట్లో కూర్చోలేను అక్కా. కొంచెం దూరం తీసుకెళ్ళు," అంది.

కారు తీశాను. ఆమె పక్కన కూర్చుని ఒళ్ళో చేతులు పెట్టుకుంది. మధ్యాహ్నం మూడు గంటల ఎండ. రిఫైనరీ పొగ గొట్టం మీద మంట ఎండలో రంగు లేకుండా వణుకుతోంది. మా వీధి దాటి పెద్ద రోడ్డు ఎక్కాం. తర్వాత, నన్ను అడుగుతున్నట్టు కాదు, తనలో తాను లెక్క సరిచూసుకుంటున్నట్టు అంది: "ఆ నాలుగు నెలలు ఆయన అన్నం సగం వదిలేసేది అక్కా. రోజూ. అన్న మాట్లాడలేదు, గొంతు దిగలేదు అనేది. నేను నా వంట బాగులేదేమో అనుకున్నా. మసాలా మార్చినా. మళ్ళీ మార్చినా."

రోడ్డు చివర రోబో ఎర్రగా ఉంది. సిగ్నల్ దీపాన్ని ఇక్కడ మేం అలాగే అంటాం. ఆగాను. కుడి కాలు బ్రేకు మీద పెట్టి, ఆకుపచ్చ కోసం చూస్తూ కూర్చున్నాను. ఆమె కొంగు కొసను వేలికి చుట్టి విప్పి, చుట్టి విప్పి చేస్తోంది.

ఆకుపచ్చ పడింది. వెనక బండి లేదు. ఆమె పదమనలేదు, నేను కాలు తీయలేదు. ఇంజన్ మా ఇద్దరి కింద మెల్లగా తిరుగుతోంది. మళ్ళీ ఎరుపు పడింది. మళ్ళీ ఆకుపచ్చ పడింది.